రాచపుండు, సర్తాన్, క్యాన్సర్: రొమ్ము వ్యాధి చికిత్సా చరిత్ర

వైద్యశాస్త్ర చరిత్రను రాసేవారు చాలా కాలం వరకు గ్రీకుల నుంచి ఒక్క అంగలో ఐరోపా పునరుజ్జీవన కాలానికి దూకేవారు. మధ్యనున్న శతాబ్దాలలో బాగ్దాదులోను, రయ్‌లోను, కొర్డోబాలోను ఏమి జరిగిందో వారి పుస్తకాలలో ఒక పేజీకి మించి ఉండేది కాదు. దానికి ప్రతిగా మరికొందరు ఆధునిక వైద్యంలోని ప్రతి ఆవిష్కరణనూ ఆ శతాబ్దాలలోనే వెదికి చూపడానికి పూనుకున్నారు. ఈ రెండు ధోరణులూ చరిత్రకు న్యాయం చేసేవి కావు. ఒక్క వ్యాధిని తీసుకుని, దాన్ని వైద్యులు ఏ కాలంలో ఏమనుకున్నారు, ఏమి చేశారు, రోగి ఏమయింది అని వరుసగా పరిశీలిస్తే నిజమేమిటో కొంత తెలుస్తుంది. అందుకు రొమ్ము క్యాన్సర్ తగిన ఉదాహరణ. శరీరం పైకే కనిపించే, చేతికే తగిలే వ్యాధి కావడం వల్ల అతి ప్రాచీన కాలం నుంచీ దాన్ని గురించిన రాతలున్నాయి. తెలంగాణలోని ఒక పల్లెలో ఈనాటికీ దానివల్ల స్త్రీలు ఎందుకు మరణిస్తున్నారన్న ప్రశ్నకు జవాబు కూడా ఆ చరిత్రలోనే కొంతవరకు ఉంది.

పేరు వెనుక కథ

తెలుగువారు ఈ వ్యాధిని రాచపుండు అన్నారు. పుండ్లలోకెల్లా పెద్దది, మందుకు లొంగనిది అని ఆ మాటకు భావం. పూర్వం మానని పెద్ద వ్రణాలన్నింటికీ ఆ పేరు చెల్లేది. సుశ్రుతుని వంటి సంస్కృత వైద్యులు గట్టిపడి మెల్లగా పెరిగే కణితిని అర్బుదమన్నారు. గ్రీకులు కార్కినోస్ అన్నారు, అంటే ఎండ్రకాయ. గడ్డ చుట్టూ ఉబ్బి నలుదిక్కులకూ పాకిన నరాలు వారికి ఎండ్రకాయ కాళ్ళలా కనిపించాయి. అరబీ అనువాదకులు ఆ మాటను ధ్వనితో కాక అర్థంతో తీసుకున్నారు. సర్తాన్ అంటే అరబీలో ఎండ్రకాయ. ఆకాశంలోని కర్కాటక రాశికీ అదే పేరు. ఉర్దూ మాట్లాడే హైదరాబాదు ఇళ్ళలో ఆ మాట ఈనాటికీ వినిపిస్తుంది. లాటిన్‌లో క్యాన్సర్ అన్నా ఎండ్రకాయే. ఈ విధంగా ఒకే పోలిక నాలుగు భాషలు దాటి వచ్చింది.

పోలికతోపాటు ఒక సిద్ధాంతం కూడా వచ్చింది. ఈజిప్టులో దొరికిన, సుమారు మూడు వేల ఆరు వందల సంవత్సరాలనాటి ఒక వైద్య పత్రంలో రొమ్ముపై ఉబ్బిన గడ్డలను వర్ణించి, చికిత్స లేదని ముగించారు. గ్రీకు వైద్యుడు హిపోక్రటీస్ పేర వచ్చిన సూత్రాలలో లోపల దాగిన క్యాన్సర్‌ను కదపకపోవడమే మేలని, కదిపితే రోగి త్వరగా మరణిస్తుందని ఉంది. క్రీ.శ. రెండవ శతాబ్దికి చెందిన గాలెన్ దీనికి కారణం చెప్పాడు. శరీరంలోని నాలుగు ద్రవాలలో నల్ల పిత్తం పేరుకుపోయినచోట ఈ వ్యాధి పుడుతుందన్నాడు. వ్యాధి గడ్డలో కాక దేహమంతటి ద్రవాలలో ఉంటే, గడ్డను కోసినందువల్ల ప్రయోజనమేమిటన్న సందేహం సహజంగానే వస్తుంది. ఆ సందేహం పదిహేను వందల సంవత్సరాలపాటు వైద్యుని చేతిని ఆపుతూ వచ్చింది.

బాగ్దాదు అనువాదకులు

హారూన్ రషీద్ కాలంలో (క్రీ.శ. 786–809) బర్మకీ వజీరుల ఆదరణలో మన్కా అనే భారతీయ వైద్యుడు సుశ్రుత సంహితను అరబీ వారికి అందించినట్లు పదవ శతాబ్దినాటి గ్రంథసూచి చెబుతుంది. తర్వాతి తరంలో హునైన్ ఇబ్నె ఇస్‌హాఖ్ (క్రీ.శ. 809–873) గాలెన్ గ్రంథాలను సిరియాక్, అరబీ భాషలలోకి తెచ్చాడు. హునైన్ క్రైస్తవుడు. ఖలీఫాల కొలువులో పనిచేశాడు. ఒక్క ప్రతిని చూసి అనువదించకుండా, దొరికినన్ని ప్రతులను సేకరించి, పోల్చి, పాఠం స్థిరపరచిన తర్వాతే కలం పట్టేవాడు. గాలెన్ గ్రంథాలలో వేటిని ఎవరు, ఎవరి కోసం అనువదించారో తెలుపుతూ ఆయన రాసిన లేఖ అనువాద చరిత్రలో అమూల్యమైన పత్రం.

అయితే పాఠాన్ని శుద్ధి చేయడం వేరు, అందులోని విషయాన్ని పరీక్షించడం వేరు. హునైన్ చేతిలో గాలెన్ ఎంత చక్కగా అరబీలోకి వచ్చాడో, నల్ల పిత్తం కూడా అంతే చక్కగా వచ్చింది. అనువాదం జ్ఞానాన్ని మోసినట్లే పొరపాటునూ మోస్తుంది. అందుకు అనువాదకుని నిందించనక్కర లేదు. పరీక్షించవలసింది రోగి పక్కన కూర్చున్న వైద్యుడు.

ఇబ్నె సీనా (క్రీ.శ. 980–1037) తన అల్-ఖానూన్‌లో ఈ వ్యాధిని నిశితంగా వర్ణించాడు. ఇది మెల్లగా పెరుగుతుందని, పక్క భాగాలలోకి వేళ్ళూనుతుందని, ఆరంభంలో ఉన్నప్పుడే ఏదైనా చేయగలమని రాశాడు. కోయవలసివస్తే చుట్టూ ఉన్న నరాలతో సహా పూర్తిగా తీసివేయాలన్నాడు. ఒక విచిత్రమైన సంఘటనను కూడా ఆయన పూర్వుల మాటగా పేర్కొన్నాడు. ఒక వైద్యుడు క్యాన్సర్ సోకిన రొమ్మును మొదలంటా తీసివేయగా, ఆ తర్వాత రెండవ రొమ్ముకు అదే వ్యాధి వచ్చిందట. అది రెండవ రొమ్ములో ముందునుంచే తయారవుతున్నదా, లేక మొదటి చోటి పదార్థమే అక్కడికి చేరిందా అని ఇబ్నె సీనా తర్కించి, రెండవదే ఎక్కువ సంభవమని అభిప్రాయపడ్డాడు. జవాబు నల్ల పిత్తం చట్రంలోనే ఉండిపోయింది. అయినా ప్రశ్న సరైనది. కోసిన తర్వాత వ్యాధి ఎక్కడినుంచి తిరిగి వస్తున్నదన్న ఆ ప్రశ్నతోనే ఇరవయ్యవ శతాబ్ది వైద్యులు కూడా కుస్తీ పట్టవలసి వచ్చింది.

కొర్డోబా శస్త్రవైద్యుడు

అబుల్ ఖాసిం అల్-జహ్రావీ కొర్డోబా సమీపంలోని మదీనతుజ్జహ్రాలో జన్మించాడు. క్రీ.శ. 1013 ప్రాంతంలో మరణించాడు. ముప్ఫై భాగాల అత్-తస్రీఫ్ ఆయన జీవితకాల కృషి. చివరి భాగం శస్త్రచికిత్సకు సంబంధించినది. దాదాపు రెండు వందల పరికరాల బొమ్మలు అందులో ఉన్నాయి. పన్నెండవ శతాబ్దిలో టొలెడోలో క్రెమోనా వాసి జెరార్డ్ దాన్ని లాటిన్‌లోకి అనువదించాడు. ఐరోపా వైద్యులు కొన్ని శతాబ్దాలపాటు దాన్నే చదివారు.

క్యాన్సర్‌పై ఆ భాగంలో ఉన్నది చిన్న అధ్యాయం. పూర్తిగా తొలగించగల చోట, అంటే రొమ్ము, తొడ వంటి భాగాలలో వ్యాధి పుట్టి, ఇంకా తొలిదశలో చిన్నదిగా ఉంటే శస్త్రచికిత్సకు పూనుకోవచ్చునని ఆయన పూర్వుల మాటగా చెబుతాడు. ముదిరి పెద్దదైతే దాని జోలికి పోవద్దంటాడు. అలాంటి రోగిని తాను ఒక్కరినీ బాగుచేయలేకపోయానని, తనకు ముందు ఎవరైనా చేయగా చూడలేదని ఒప్పుకుంటాడు. ఆ తర్వాత విధానం చెబుతాడు. ముందుగా పిత్తాన్ని వెడలించే మందులిచ్చి, గడ్డను కొక్కెంతో పైకి లాగి, చుట్టూ చర్మంతో సహా కోసి, వేరు మిగలకుండా చూడాలి. రక్తం ఆగకపోతే కాల్చి ఆపాలి.

ఈ అధ్యాయంలోని గొప్పతనం కోత విధానంలో లేదు. కోత గురించి ఆయనకు ముందు అలెగ్జాండ్రియా వైద్యులూ రాశారు. తన చేతిలో రోగులు ఏమయ్యారో దాచకుండా చెప్పడంలో ఉంది. వైద్య గ్రంథాలు విజయాలతో నిండి ఉండే కాలంలో ఒక ప్రసిద్ధుడు తన అపజయాన్ని నియమంగా రాసిపెట్టాడు. చిన్నదిగా ఉండాలి, త్వరగా రావాలి, పూర్తిగా తీయగలగాలి. ఈ మూడు షరతులను మనసులో ఉంచుకుని తర్వాతి కథను చదవాలి.

కత్తి, మత్తు, హైదరాబాదు

మత్తు లేని రోజులలో ఈ షరతులన్నీ కుదిరినా శస్త్రచికిత్స అంటే చిత్రవధే. 1811లో ఆంగ్ల రచయిత్రి ఫానీ బర్నీకి పారిస్‌లో ఎలాంటి మత్తూ లేకుండా రొమ్ము తొలగించారు. ఆ అనుభవాన్ని ఆమె తన సోదరికి రాసిన లేఖ చదవడానికే ధైర్యం కావాలి. ఆమె ఆ తర్వాత దాదాపు మూడు దశాబ్దాలు జీవించింది. అంతకు ఏడేళ్ళ ముందు, 1804లో, జపాను వైద్యుడు హనావోకా సెయ్‌షూ మూలికల కషాయంతో స్పృహ తప్పించి అరవై ఏళ్ళ స్త్రీకి రొమ్ము గడ్డను తీశాడు. ఆ సంగతి బయటి ప్రపంచానికి చాలాకాలం తెలియలేదు. 1846లో ఈథర్, మరుసటి సంవత్సరం క్లోరోఫాం, 1867లో లిస్టర్ ప్రకటించిన క్రిమినాశక పద్ధతి వచ్చిన తర్వాతనే శస్త్రవైద్యునికి నిదానంగా పనిచేసే అవకాశం కలిగింది.

ఇక్కడ హైదరాబాదు ప్రపంచ వైద్య చరిత్రలోకి వస్తుంది. 1846లో నెలకొన్న హైదరాబాదు వైద్య పాఠశాలకు అధిపతిగా ఉన్న ఎడ్వర్డ్ లారీ, క్లోరోఫాం వల్ల మరణాలు ఎందుకు సంభవిస్తున్నాయో తేల్చడానికి 1888లో ఒక సంఘాన్ని ఏర్పరచాడు. దాని తీర్పును లండనులోని లాన్సెట్ పత్రిక శంకించింది. అప్పుడు ఆరవ నిజాం మహబూబ్ అలీఖాన్ ఖర్చు భరించి, లండను నుంచి డాక్టర్ లాడర్ బ్రంటన్‌ను రప్పించి, 1889లో రెండవ సంఘాన్ని నియమించాడు. ఆ పాఠశాలలోనే చదివిన రూపాబాయి ఫర్దూన్‌జీ ఈ పరిశోధనలలో పాల్గొన్నది. ప్రపంచంలోని తొలి మహిళా మత్తువైద్యులలో ఆమెను లెక్కిస్తారు. క్లోరోఫాం ఊపిరిని ఆపి చంపుతుందే తప్ప నేరుగా గుండెను దెబ్బతీయదని సంఘం తేల్చింది. 1911లో లెవీ అనే పరిశోధకుడు ఆ తీర్పు సరికాదని, తేలికపాటి మత్తులోనే గుండె లయ తప్పి ఆగగలదని నిరూపించాడు. నిజాం ధనం వెచ్చించి చేయించిన పరిశోధన పొరపడింది. అయినా వందలకొద్దీ ప్రయోగాలు చేసి, ఫలితాలు అచ్చువేసి, ఇతరులు ఖండించడానికి వీలుగా లోకం ముందుంచింది. శాస్త్రం నడిచే దారి అదే.

ఎంత కోయాలి?

మత్తు చేతికి వచ్చాక కోతకు హద్దు లేకపోయింది. అమెరికాలోని బాల్టిమోరులో విలియం హాల్‌స్టెడ్ రొమ్ముతోపాటు దాని కిందనున్న ఛాతీ కండరాలను, చంకలోని గ్రంథులను కూడా ఒకే ముద్దగా తీసివేసే పద్ధతిని ప్రవేశపెట్టి, 1894లో 50 మంది రోగుల వివరాలు ప్రకటించాడు. కోసినచోట వ్యాధి తిరిగి వచ్చినవారు ముగ్గురు మాత్రమే. అంతకుముందు ఐరోపా వైద్యుల లెక్కలలో ఇది సగానికి పైగా ఉండేది. ఆ అంకె చూసి ప్రపంచమంతా ఆ పద్ధతిని అనుసరించింది. దాదాపు 80 ఏళ్ళపాటు అదే ప్రమాణంగా నిలిచింది. దాని మూల్యం స్త్రీలు చెల్లించారు. చెయ్యి వాచిపోయి పైకి లేవదు, ఛాతీ గుంట పడుతుంది, ఊపిరి తీసినప్పుడల్లా చర్మం పక్కటెముకలకు పట్టేస్తుంది.

కోసినచోట వ్యాధి రాకపోవడం, రోగి బతకడం ఒకటి కావు. చంక గ్రంథులకు వ్యాధి పాకని రోగులలో ఎక్కువమంది జీవించారు, పాకినవారిలో ఎక్కువమంది ఎంత కోసినా మరణించారు. హాల్‌స్టెడ్ తర్వాతి లెక్కలే ఈ సంగతి చెప్పాయి. 1895లో గ్లాస్గో వైద్యుడు జార్జ్ బీట్సన్ ముదిరిన రొమ్ము క్యాన్సర్ గల స్త్రీకి అండాశయాలు తొలగించగా గడ్డ కరిగింది. రొమ్ములోని వ్యాధికి శరీరంలోని మరోచోటితో సంబంధముందని దానివల్ల స్పష్టమయింది. 1895లో ఎక్స్-కిరణాలు, 1898లో రేడియం కనుగొన్నారు. లండనులో జెఫ్రీ కీన్స్ 1920ల నుంచి రేడియం సూదులతో, చిన్న కోతతో చికిత్స చేసి, పెద్ద కోతకు తీసిపోని ఫలితాలు చూపాడు. ఆయన మాట ఎక్కువమంది వినలేదు.

వాదం తీరడానికి కొత్త పద్ధతి కావలసివచ్చింది. రోగులను చీటీ వేసినట్లు రెండు మూడు వర్గాలుగా విభజించి, ఒక్కో వర్గానికి ఒక్కో చికిత్స చేసి, ఏళ్ళ తరబడి గమనించడమే ఆ పద్ధతి. అమెరికాలో బెర్నార్డ్ ఫిషర్ 1971లోను, మళ్ళీ 1976లోను, ఇటలీలోని మిలానులో ఉంబెర్టో వెరొనేసి 1973లోను ఇలాంటి పరీక్షలు ప్రారంభించారు. వెరొనేసి పరీక్షలో 701 మంది స్త్రీలున్నారు. 2002లో ఇరవై ఏళ్ళ ఫలితాలు వెలువడ్డాయి. మొత్తం రొమ్ము తీసినవారూ, గడ్డను మాత్రమే తీసి కిరణ చికిత్స పొందినవారూ సమానంగానే జీవించారు. అయితే కిరణ చికిత్స తప్పనిసరి అని కూడా తేలింది. ఫిషర్ పరీక్షలో గడ్డ తీసి కిరణాలు ఇచ్చినవారిలో నూటికి 14 మందికి అదే రొమ్ములో వ్యాధి తిరిగి వస్తే, కిరణాలు ఇవ్వనివారిలో 39 మందికి వచ్చింది.

హాల్‌స్టెడ్ కండరాలను కోయడం అనవసరమని ఆ విధంగా రుజువయింది. వ్యాధి కణాలు ముందుగానే రక్తంలో కలిసి ఉండవచ్చునని, వాటికి దేహమంతటా పనిచేసే మందు కావాలని ఫిషర్ వాదించాడు. 1976లో మిలానులోనే బొనదొన్నా ఆ వాదానికి బలమిచ్చాడు. చంక గ్రంథులకు వ్యాధి పాకిన స్త్రీలలో శస్త్రచికిత్స తర్వాత మూడు మందులు కలిపి ఇచ్చినప్పుడు, సుమారు రెండేళ్ళలో వ్యాధి తిరిగి వచ్చినవారు నూటికి 5 మంది మాత్రమే. మందు ఇవ్వనివారిలో 24 మంది. బీట్సన్ చూచాయగా చూసిన సంబంధం టమాక్సిఫెన్ మాత్రగా రూపొందింది. హార్మోనుకు స్పందించే రకం క్యాన్సర్‌లో ఆ మాత్ర అయిదేళ్ళు వాడితే పదిహేనేళ్ళలో మరణాలు దాదాపు మూడో వంతు తగ్గుతాయి. చవక మందులలో ఇంత మేలు చేసినవి తక్కువ. 1998లో వచ్చిన ట్రాస్టుజుమాబ్ మరొక రకం రోగులకు ప్రాణం పోసింది. దాని ధర సామాన్యులకు అందనిది. 2013లో భారతదేశంలోనే దానికి సమానమైన మందు తయారీకి అనుమతి లభించిన తర్వాత ధర కొంత దిగింది.

హైదరాబాదులో చికిత్సాలయం

భారతదేశంలో ప్రత్యేక క్యాన్సర్ ఆస్పత్రులు స్వాతంత్ర్యానికి కొంచెం అటూ ఇటూ పుట్టాయి. బొంబాయిలో టాటా స్మారక ఆస్పత్రి 1941లో ప్రారంభమయింది. మద్రాసులో డాక్టర్ ముత్తులక్ష్మీ రెడ్డి పూనికతో అడయారు క్యాన్సర్ సంస్థ 1954లో పని మొదలుపెట్టింది. హైదరాబాదులో మెహదీ నవాజ్ జంగ్ చొరవతో 1955లో రేడియం చికిత్సాలయం నెలకొంది. నిజాం ప్రభుత్వంలో అధికారిగా పనిచేసి, ఆ తర్వాత మంత్రియై, 1960లో గుజరాతు రాష్ట్రానికి మొదటి గవర్నరుగా వెళ్ళిన వ్యక్తి ఆయన. రెడ్‌హిల్స్‌లోని ఆ ఆస్పత్రి ఆయన పేరుతోనే ఎం.ఎన్.జె. క్యాన్సర్ సంస్థగా నిలిచింది. తెలంగాణ జిల్లాల పేద రోగులకు ప్రభుత్వ రంగంలో పెద్ద దిక్కు అదే. 2000లో బసవతారకం ఆస్పత్రి కూడా నగరంలో ప్రారంభమయింది.

ఈ సంస్థల వెనుక మరొక కృషి ఉంది. 1917లో హైదరాబాదులో ఏర్పడిన దారుత్తర్జుమా, అంటే అనువాద శాఖ, ఉస్మానియా విశ్వవిద్యాలయం కోసం పాశ్చాత్య శాస్త్రాలను ఉర్దూలోకి తెచ్చింది. వైద్యవిద్య కూడా ఉర్దూలోనే చెప్పారు. దేశభాషలో ఆధునిక వైద్యం బోధించవచ్చునని ఆ ప్రయోగం నిరూపించింది. 1948 తర్వాత అది ఆగిపోయింది. ఆ తర్వాత వైద్యుని భాష ఆంగ్లమయింది, రోగి భాష తెలుగో ఉర్దూనో లంబాడీనో అయింది. బాగ్దాదులో హునైన్ పూడ్చిన అగాధం వంటిదే ఇక్కడ మళ్ళీ ఏర్పడింది. వైద్యుడు చెప్పిన దశ, కణుపులు, ముక్క పరీక్ష అన్న మాటలు రోగికి అర్థం కాక ఇంటికి తిరిగి వెళ్ళిపోతే, అది కూడా చికిత్సలో వైఫల్యమే.

ఫలితాల లెక్క

2022 సంవత్సరానికి అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ వేసిన అంచనా ప్రకారం భారతదేశంలో కొత్తగా 1,92,020 మంది స్త్రీలకు రొమ్ము క్యాన్సర్ సోకింది, 98,337 మంది మరణించారు. 2020లో వెలువడిన జాతీయ నమోదు నివేదికలో, 2012–2016 కాలానికి, దేశంలోని నమోదు కేంద్రాలన్నింటిలో హైదరాబాదు జిల్లా రేటు అత్యధికం. వయోభేదాన్ని సరిచేసి లెక్కించినప్పుడు లక్ష మంది స్త్రీలకు 48 మంది. అదే నివేదిక ప్రకారం దేశంలో రొమ్ము క్యాన్సర్ రోగులలో నూటికి 57 మంది వ్యాధి చుట్టుపక్కల భాగాలకు పాకిన తర్వాతనే ఆస్పత్రికి వస్తున్నారు.

దేశంలోని పదకొండు నమోదు కేంద్రాలలో 17,331 మంది రోగులను అనుసరించి 2024లో ప్రకటించిన అధ్యయనంలో అయిదేళ్ళు జీవించినవారు నూటికి 66.4 మంది. దశల వారీగా చూస్తే అసలు విషయం బయటపడుతుంది. వ్యాధి రొమ్ముకే పరిమితమై ఉన్నప్పుడు వచ్చినవారిలో 81 మంది, పక్క గ్రంథులకు పాకిన తర్వాత వచ్చినవారిలో 65 మందికి కొంచెం పైన, దూరపు అవయవాలకు చేరిన తర్వాత వచ్చినవారిలో 18 మంది మాత్రమే అయిదేళ్ళు దాటారు. అల్-జహ్రావీ అంకెలు వేయలేదు. కానీ ఆయన నియమాన్ని అంకెలలో రాస్తే దాదాపు ఇలాగే ఉంటుంది.

ఒక్క చోట మాత్రం ఆయన మాట నేడు చెల్లదు. ముదిరినదాన్ని ముట్టవద్దన్నాడు. ఇప్పుడు ముందుగా మందులిచ్చి పెద్ద గడ్డను కుదించి, ఆ తర్వాత శస్త్రచికిత్స చేస్తున్నారు. పాకిన వ్యాధిని కూడా కొన్ని సంవత్సరాలు అదుపులో ఉంచగలుగుతున్నారు. నయం కానివారికి నొప్పి తగ్గించడం సైతం చికిత్సలో భాగమే. 1985నాటి మాదకద్రవ్యాల చట్టం వల్ల మార్ఫీన్ మాత్రలు ఆస్పత్రులకు దొరకడం గగనమయింది. 2014లో చట్టాన్ని సవరించిన తర్వాత నిబంధనలు సడలాయి. ముదిరిందని చెప్పి రోగిని ఇంటికి పంపేయడానికి ఈనాడు శాస్త్రంలో ఆధారం లేదు.

దంతాలపల్లి నుంచి

తొర్రూరు, మరిపెడల నడుమ ఉన్న దంతాలపల్లి 2016 అక్టోబరులో జిల్లాల పునర్విభజన జరిగినప్పుడు మండల కేంద్రమయింది. అంతకుముందు వరంగల్లు జిల్లాలోని నర్సింహులపేట మండలంలో ఉండేది. ఇప్పుడు మహబూబాబాదు జిల్లాలో ఉంది. వరి, పత్తి, మిరప పొలాల ఊళ్ళు, చుట్టూ తండాలు. జిల్లా కేంద్రంలో 2022లో ప్రభుత్వ వైద్య కళాశాల వచ్చింది. వరంగల్లులో 1959నాటి కాకతీయ వైద్య కళాశాల, దాని అనుబంధమైన ఎం.జి.ఎం. ఆస్పత్రి ఉన్నాయి. రెడ్‌హిల్స్‌లోని క్యాన్సర్ సంస్థకు చేరాలంటే హైదరాబాదు దాకా పోవాలి.

ఇలాంటి ఊళ్ళో ఒక స్త్రీ రొమ్ములో చిక్కుడు గింజంత గడ్డను స్నానం చేస్తూ గమనించిందనుకుందాం. అది నొప్పి పెట్టదు. నొప్పి లేనిది రోగమెట్లా అవుతుందని ఊరుకుంటుంది. నిజానికి ఈ వ్యాధి తొలిదశలో నొప్పి లేకపోవడమే సాధారణం. నాట్లు, కలుపులు, పత్తి ఏరడం గడిచేదాకా వాయిదా పడుతుంది. మగ డాక్టరుకు చూపడానికి సిగ్గు అడ్డు వస్తుంది. సూది గుచ్చితే, కత్తి పెడితే పాకుతుందని ఎవరో భయపెడతారు. హిపోక్రటీస్ సూత్రం చదవని పల్లెలోనూ ఆ సూత్రమే మరో నోట వినిపిస్తుంది. ముక్క పరీక్ష వల్ల వ్యాధి ముదిరి ప్రాణం పోతుందనడానికి ఆధారం లేదు. పరీక్ష ఆలస్యమైతే ప్రాణం పోతుందనడానికి పైన చెప్పిన అంకెలే ఆధారం.

డబ్బు విషయంలో కొంత మేలు జరిగింది. 2007లో ప్రారంభమైన ఆరోగ్యశ్రీ పథకంలో క్యాన్సర్ శస్త్రచికిత్స, మందులు, కిరణ చికిత్స చేరాయి. 2023 డిసెంబరులో తెలంగాణ ప్రభుత్వం కుటుంబానికి పరిమితిని పది లక్షల రూపాయలకు పెంచింది. అయితే రోగి వెంట వచ్చే మనిషి కూలి, నగరంలో ఉండే చోటు, ఇంట్లో పిల్లల తిండి ఏ కార్డులోనూ రావు. వారానికి అయిదు రోజుల చొప్పున అయిదు వారాలు కిరణ చికిత్సకు నగరంలో ఉండడమంటే ఒక పంట పోయినట్లే. కాబట్టే గడ్డ మాత్రమే తీస్తే సరిపోయే స్త్రీ కూడా మొత్తం రొమ్ము తీయించుకోవడానికి ఒప్పుకోవలసివస్తుంది. మిలాను పరీక్ష ఆమెకు ఇచ్చిన హక్కును దూరం లాగేసుకుంటుంది. ఈ దూరాన్ని తగ్గించే పరిశోధనలు లేకపోలేదు. కిరణ చికిత్సను మూడు వారాలలో ముగించవచ్చునని ముందే తేలింది. తగిన రోగులలో అయిదు రోజులలోనే, ఒక్క వారంలో, ముగించినా ఫలితం తగ్గదని 2020లో బ్రిటనులోని పరీక్ష చూపింది. బొంబాయి టాటా ఆస్పత్రి 2023లో ప్రకటించిన మరొక పరీక్షలో, కోతకు ముందు గడ్డ చుట్టూ మామూలు తిమ్మిరి మందు ఎక్కించినవారిలో అయిదేళ్ళు జీవించినవారు నూటికి 90 మంది, ఎక్కించనివారిలో 86 మంది. ఆ మందు ఖరీదు అతి స్వల్పం.

త్వరగా గుర్తించే మార్గమూ ఖరీదైనది కాదు. బొంబాయిలో 1998 నుంచి ఇరవై ఏళ్ళపాటు 1,51,538 మంది స్త్రీలను అనుసరించిన పరీక్ష ఫలితాలు 2021లో వచ్చాయి. శిక్షణ పొందిన ఆరోగ్య కార్యకర్తలు, డాక్టర్లు కాదు, యంత్రాలు లేవు, చేతితో మాత్రమే రెండేళ్ళకొకసారి రొమ్ము పరీక్ష చేశారు. వ్యాధి తొలిదశలోనే బయటపడింది. యాభై ఏళ్ళు దాటినవారిలో ఈ వ్యాధి మరణాలు దాదాపు 30 శాతం తగ్గాయి. అంతకన్నా చిన్న వయసువారిలో మరణాలు తగ్గినట్లు తేలలేదు. ఈ పరిమితిని కూడా చెప్పడమే నిజాయితీ. 2016లో కేంద్ర ప్రభుత్వం ముప్ఫై ఏళ్ళు దాటిన స్త్రీలకు ఇలాంటి పరీక్ష చేయాలని నిర్ణయించింది. తెలంగాణలో 2023 మార్చిలో ఆరోగ్య మహిళ పేరిట మంగళవారాలలో స్త్రీల పరీక్షలు మొదలుపెట్టారు. అయినా 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో, జీవితంలో ఒక్కసారైనా రొమ్ము పరీక్ష చేయించుకున్న స్త్రీలు దేశం మొత్తంమీద నూటికి ఒక్కరు కూడా లేరు. పథకం కాగితం మీదినుంచి గడప దాకా రావలసి ఉంది.

సిగ్గు, అవసరం

ఆలస్యానికి కారణాలలో సిగ్గు ఒకటి. ముస్లిం ఇళ్ళలో దాన్ని హయా పేరుతో మతధర్మానికి ముడిపెట్టేవారున్నారు. ధర్మశాస్త్ర పండితులు ఈ విషయంలో సందిగ్ధం ఉంచలేదు. స్త్రీ వైద్యురాలు ఉంటే ఆమెను ఆశ్రయించాలి. లేనప్పుడు అవసరమున్నంత మేరకు పురుష వైద్యునికి చూపడానికి అనుమతి ఉంది. అవసరం నిషేధాన్ని సడలిస్తుందన్నది ఫిఖ్‌హ్‌లో అందరూ అంగీకరించిన సూత్రం. అల్-జహ్రావీ కూడా స్త్రీకి మూత్రాశయ శస్త్రచికిత్స చేయవలసివచ్చినప్పుడు నేర్పరియైన మంత్రసానిని పక్కన ఉంచుకుని, ఆమె చేత చేయించమన్నాడు. సిగ్గు ఉన్నదని చికిత్స మానమని చెప్పలేదు, సిగ్గుకు భంగం కలగకుండా చికిత్స చేసే మార్గం వెదికాడు. దంతాలపల్లిలో ఆ మంత్రసాని స్థానంలో ఈనాడు ఆశా కార్యకర్త, ఏ.ఎన్.ఎం. ఉన్నారు. వారి చేతికి శిక్షణ ఇస్తే సిగ్గు సమస్య సగం తీరుతుంది.

ఈ చరిత్రనంతా కలిపి చూస్తే రెండు విషయాలు తేటపడతాయి. గొప్పవారి మాటను పరీక్షించకుండా మోసినప్పుడల్లా రోగులు నష్టపోయారు. గాలెన్ నల్ల పిత్తమైనా, హాల్‌స్టెడ్ కండరాల కోతయినా అంతే. ఫలితాలను దాచకుండా లెక్కించినప్పుడల్లా, అది కొర్డోబాలో కావచ్చు, మిలానులో కావచ్చు, బొంబాయి మురికివాడలలో కావచ్చు, రోగులు లాభపడ్డారు. చిన్నదిగా ఉండగానే రావాలన్న మాటను వైద్యులు వెయ్యేళ్ళ కిందటే రాశారు. అరబీనుంచి లాటిన్‌కు, లాటిన్ నుంచి ఆంగ్లానికి, ఆంగ్లం నుంచి ఉర్దూకు ఆ మాట అనువాదమయింది. పత్తి చేనులో పనిచేసే స్త్రీ భాషలోకి, ఆమె ఇంటి గడప దాకా అది చేరినప్పుడే ఆ అనువాదం పూర్తయినట్లు.